బొగ్గు పొయ్యిలో పెల్లెట్ బర్నర్ దింపుకోవచ్చా? మా హోటల్ అనుభవం

మీ నాన్నగారి టిఫిన్ హోటల్లో రాక్షసి బొగ్గు పొయ్యి ఉందనీ, దాన్ని పగలగొట్టకుండా అందులోనే పెల్లెట్ బర్నర్ (రంపపు పొట్టు, ఊక లాంటివి గట్టిగా నొక్కి చేసిన చిన్న గింజలతో మండేది) దింపితే పనవుతుందా, గ్యాస్ కన్నా కలిసొస్తుందా అనీ అడిగారు. మాదీ రాజోలు దగ్గర ఇలాంటి హోటలే అండి. మా మావయ్యగారి రోజుల నుంచీ బొగ్గు మీదే నడిచింది. ఇప్పుడు ఇడ్లీ, సాంబారు, టీ అన్నీ పెల్లెట్ మంట మీదే. మారండి అనే చెబుతాను. కాకపోతే బర్నర్‌కి అడ్వాన్స్ ఇచ్చే ముందే పెల్లెట్లు ఎక్కడి నుంచి వస్తాయో, ఏ రకం వస్తాయో తేల్చుకోండి. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ముందు పొయ్యి సంగతి. ఖర్చు తగ్గుతుందని బొగ్గు పొయ్యి ఊచల మీదే పెల్లెట్లు పోసి చూసేవాళ్ళున్నారు. అలా చెయ్యకండి. సగం సందుల్లోంచి కిందికి రాలిపోతాయి, మిగతావి గాలాడక పొగ కక్కుతాయి. పెల్లెట్ మంటకి రెండు చోట్ల నుంచి గాలి కావాలి. అడుగు నుంచి వచ్చే కొద్దిపాటి గాలికి పెల్లెట్ కాగి వాయువు వదులుతుంది. పై అంచు చుట్టూ ఉన్న చిల్లుల్లోంచి ఫ్యాను గాలి కొడితే ఆ వాయువు అక్కడే అంటుకుని పూర్తిగా కాలిపోతుంది. అందుకే మంచి బర్నర్‌లో మంట పెల్లెట్ల మీద కాక చిల్లుల దగ్గర ఆడుతూ కనిపిస్తుంది. ఆ చిల్లులు మసితో పూడితే మంట ఎర్రబడి, గిన్నె అడుగు నల్లబడుతుంది. సన్న చువ్వతో అప్పుడప్పుడూ పొడుస్తూ ఉండాలి.

మేము కట్టుడు పొయ్యి గోడలు కదపలేదు. ఊచలు తీయించి, బర్నర్ దింపి, చుట్టూ ఉన్న సందు ఫైర్ బ్రిక్స్‌తో మూయించాం. పొగ గొట్టం కూడా అలాగే ఉంచాం. పొగ కనబడటం లేదు కదా అని మీరూ గొట్టం తీసెయ్యకండి. మంట ఆపేశాక అడుగున మిగిలే నిప్పుల నుంచి కార్బన్ మోనాక్సైడ్ వస్తూనే ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. వర్షమని తలుపులన్నీ మూసేసి పొయ్యి పక్కనే పడుకునే పనివాళ్ళుంటే వాళ్ళని అక్కడ పడుకోనివ్వకండి. ఇది మాత్రం నా మాట వినండి.

ఇక పెల్లెట్లు. మన డెల్టాలో రైసు మిల్లులు ఎక్కువ కాబట్టి ఊక పెల్లెట్లు చవగ్గా ఇస్తామంటారు. ఊకలో దాదాపు ఐదో వంతు బూడిదే, అందులో ఎక్కువ భాగం సిలికా. మంట గట్టిగా ఉన్నప్పుడు ఆ బూడిద ముద్దకట్టి చిట్టెంలా అడుగుకు పట్టేస్తుంది, గాలి రానివ్వదు. పొద్దున్న ఇడ్లీ వాయి మధ్యలో బర్నర్ గోకుతూ కూర్చోవాలంటే ఎవరివల్లా కాదు. రంపపు పొట్టుతో చేసిన చెక్క పెల్లెట్లలో బూడిద చాలా తక్కువ, మంచి రకమైతే నూటికి ఒక పాలు కూడా ఉండదు. మన సముద్రం ఒడ్డున సరుగుడు తోటలున్నాయి కదా, ఆ కలపతో చేసినవి దొరికితే ఇంకేం ఆలోచించొద్దు. కిలో రేటు ఎక్కువైనా చెక్కవే తీసుకోండి.

బస్తా దించుకునే ముందు గ్లాసుడు నీళ్ళలో నాలుగు గింజలు వెయ్యండి. గట్టిగా నొక్కి చేసిన పెల్లెట్ మునుగుతుంది. తేలిందంటే సరిగా నొక్కలేదని అర్థం. బస్తా అడుగున పొడి ఎంతుందో కూడా చెయ్యి పెట్టి చూడండి.

అదే గ్లాసులో కాసేపటికి పెల్లెట్ ఉబ్బి పొట్టుపొట్టుగా విడిపోవడం కూడా చూస్తారు. చెమ్మ తగిలితే గోడౌన్‌లో జరిగేదీ అంతే. బొగ్గు తడిస్తే ఎండబెట్టి వాడుకునేవాళ్ళం, పెల్లెట్ తడిస్తే ఇక పొట్టే. శ్రావణ భాద్రపదాల్లో ముసురు పట్టినా, గోదావరికి వరదొచ్చినా, కార్తీకంలో తుఫాను పట్టినా మన ఇళ్ళల్లో గచ్చు చెమరుస్తుంది. అందుకని బస్తాలు నేల మీద వెయ్యకుండా బల్లల మీద, గోడకు జానెడు ఎడంగా పేర్చాం. వాడకానికి తీసినవి మూతున్న ప్లాస్టిక్ డ్రమ్ములో పోస్తాం. లంక గ్రామాల వైపు హోటలైతే వరద రోజులకి సరిపడా సరుకు ముందే అటక మీదికి ఎక్కించుకోవాలి.

కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, ఆగీ ఆగగానే వంటగది పొగతో నిండుతుంది. చిన్న ఇన్వర్టర్ చాలు, ఫ్యాను ఏమంత కరెంటు తినదు. అది లేకుండా మాత్రం మొదలుపెట్టకండి.

గ్యాస్‌తో లెక్క ఇలా వేసుకోండి. కిలో ఎల్‌పీజీలో సుమారు 11,000 కిలో కేలరీల వేడి ఉంటుంది, కిలో పెల్లెట్లలో రకాన్ని బట్టి 3,500 నుంచి 4,500 వరకు. కాగితం మీద కిలో గ్యాస్‌కి రెండున్నర నుంచి మూడు కిలోలు సరిపోతాయనిపిస్తుంది. పొయ్యిలో పోయే వేడి కూడా కలుపుకుని నాలుగు కిలోలు వేసుకుంటే మోసపోరు. అంటే 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌కి 76 కిలోల పెల్లెట్లు. మీ ఊరి రేట్లతో గుణించి చూసుకోండి. బొగ్గుతో పోలిస్తే మనకొచ్చే మామూలు రకానికి దాదాపు కిలోకి కిలో. ఇద్దరు ముగ్గురున్న ఇంటి వంటకైతే ఈ హడావుడి అక్కర్లేదు, గ్యాసే హాయి.

డబ్బు కన్నా నాకు ముఖ్యమనిపించింది మా వంట మాస్టారి దగ్గు. తెల్లవారుజామున బొగ్గు రాజుకునేదాకా ఆ గంధకం పొగంతా ఆయనే పీల్చేవారు. ఇప్పుడు అయిదారు నిమిషాల్లో మంట నిలబడుతోంది, దగ్గూ బాగా తగ్గింది. మీ నాన్నగారు స్వయంగా పొయ్యి దగ్గర నిలబడతారని రాశారు, ఆయన కోసమైనా ఆలస్యం చెయ్యకండి.

ఒక్క దిబ్బరొట్టికి మాత్రం పాత పద్ధతే ఉంచాం. కిందా నిప్పులే, మూత మీదా నిప్పులే ఉంటే గానీ ఆ ఎర్రటి పెచ్చు రాదు. కోనసీమలో కొబ్బరి చిప్పలకు కొదవేముంది, వాటి నిప్పులతోనే కాలుస్తాం.

బూడిద పారెయ్యకండి. చెక్క పెల్లెట్ల బూడిదలో పొటాష్ ఉంటుంది, కొబ్బరి పాదుల్లో కొద్దికొద్దిగా చల్లుకోవచ్చు. రాక్షసి బొగ్గు బూడిద మాత్రం తోటలో వెయ్యొద్దు.

రోజుకి ఎంత బొగ్గు కాలుతోందో, మీ పెద్ద డేగిసా ఎన్ని లీటర్లదో రాయండి. బర్నర్ సైజు దాన్నిబట్టి చెబుతాను.