స్టెరాయిడ్లంటే భయమేసింది, మానేయొచ్చా?

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. యువియైటిస్ (కంటి లోపలి పొర వాపు) అని నాలుగు నెలలుగా ప్రెడ్నిసొలోన్ మాత్రలు, స్టెరాయిడ్ చుక్కలు వాడుతున్నారు. కంటి ఎరుపు, నొప్పి తగ్గాయి కానీ ముఖం ఉబ్బింది, కొత్తగా షుగర్ వచ్చింది, మొన్న చూస్తే కంటి ప్రెషర్ 32. భయపడి అన్నీ మానేస్తానంటున్నారు. మానేయొచ్చా అండీ?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

జవాబు: వద్దమ్మా, ఉన్నట్టుండి అసలే మానేయొద్దు. నెలల తరబడి స్టెరాయిడ్ బయటి నుంచి అందుతుంటే కిడ్నీల పైనుండే అడ్రినల్ గ్రంథులు తమ పని తగ్గించేసుకుంటాయి, అప్పుడు మాత్ర ఒక్కసారిగా ఆగితే బీపీ పడిపోయి, వాంతులై, ప్రాణం మీదికి రావచ్చు. అణిగిన వాపు కంట్లో మళ్లీ తిరగబెడుతుంది కూడా. డోసును మెల్లమెల్లగా తగ్గించేది అందుకే.

అలాగని ఇలాగే వాడుతూ పోవడమూ కుదరదు. ప్రెషర్ మామూలుగా 10 నుంచి 21 మధ్య ఉండాలి. స్టెరాయిడ్ వల్ల కంట్లోని నీరు బయటికి పోయే దారి బిగుసుకుంటుంది, అయితే యువియైటిస్ వాపు వల్ల కూడా ప్రెషర్ పెరగొచ్చు కాబట్టి ఏది కారణమో డాక్టరే తేల్చాలి. నన్ను కలవరపెట్టేది ఒక్కటే, ఇంత ప్రెషర్ ఉన్నా చాలామందికి నొప్పి తెలియదు, చూపు పక్కల నుంచి కొంచెం కొంచెంగా పోతుంది. స్టెరాయిడ్ వల్ల శుక్లం వస్తే, వాపు పూర్తిగా అణిగాక ఆపరేషన్ చేయించుకోవచ్చు. గ్లకోమాతో, అంటే ప్రెషర్ పెరిగి కంటి నరం దెబ్బతిని పోయిన చూపు మాత్రం ఏ ఆపరేషన్‌తోనూ రాదు. వారం తిరక్కముందే తీసుకెళ్లండి, ప్రెషర్ తగ్గించే చుక్కలు, ఫీల్డ్ టెస్ట్ (పక్క చూపు ఎంతుందో చూసేది), నరం స్కాన్ గురించి అడగండి.

ఇంకో మాట కూడా అడగండి. ఇన్ని నెలలయ్యాక కూడా రోజుకు 7.5 మిల్లీగ్రాముల కంటే ఎక్కువ ప్రెడ్నిసొలోన్ లేనిదే వాపు అదుపులో ఉండకపోతే, మెథోట్రెక్సేట్, అజథయోప్రిన్, మైకోఫెనొలేట్ లాంటి, రోగనిరోధక శక్తిని అణిచే మందులు మొదలుపెట్టి స్టెరాయిడ్ తగ్గించడం చాలాచోట్ల చేస్తున్నదే. అలాంటిదే అయిన అడలిముమాబ్ ఇంజెక్షన్‌కు యువియైటిస్ కోసం అమెరికాలో 2016లోనే అనుమతి వచ్చింది, కాకపోతే ఖర్చెక్కువ. వీటికి రక్తపరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. అన్నిటికంటే ముందు టీబీ పరీక్ష జరిగిందో లేదో చూసుకోండి, మన దేశంలో యువియైటిస్‌కి టీబీ కూడా ఒక కారణం, అది దాగి ఉండగా ఈ మందులు ఇస్తే లోపల ముదిరిపోతుంది.

షుగర్ తేలిగ్గా తీసుకోకండి. స్టెరాయిడ్, అదుపు తప్పిన షుగర్ కలిస్తే ఏమవుతుందో 2021లో బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు చూశాం కదా. తుంటి దగ్గర నొప్పి మొదలైతే కూడా వెంటనే చెప్పండి, అక్కడి ఎముకకు రక్తం అందక దెబ్బతినొచ్చు.

ప్రశ్న: ఎనిమిదేళ్ల బాబుకి ప్రతి వేసవిలో కళ్లు దురద. మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేస్తే గంటలో తగ్గిపోతుంది. రెండేళ్లుగా అదే వాడుతున్నాం. పర్లేదా?
– ఒక తండ్రి, ఒంగోలు

జవాబు: పర్లేదని చెప్పలేనండీ. సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ ఉంటే అది స్టెరాయిడే, పిల్లల్లో ప్రెషర్ ఇంకా త్వరగా, ఎక్కువగా పెరుగుతుంది. ఇలాంటి చుక్కలతోనే చూపు పోగొట్టుకున్న పిల్లలున్నారు. దురదకి ఒలొపటడిన్, తీవ్రంగా ఉంటే సైక్లోస్పోరిన్, టాక్రోలిమస్ లాంటివి డాక్టర్ రాస్తారు. ఇంకో సీసా కొనకండి. ఉన్న సీసా పట్టుకుని బాబుని ఈ వారమే కంటి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.