అమ్మానాన్నలతో కటికి జలపాతానికి వెళ్లొచ్చా?

అరవై దాటిన అమ్మానాన్నలు బొర్రా గుహల దగ్గరున్న కటికి జలపాతం దాకా నడవగలరా, వానాకాలంలో వెళ్లొచ్చా అని కొందరు అడిగారు. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మను తీసుకెళ్లాను. మీరూ తీసుకెళ్లండి, కాకపోతే వానలు తగ్గాక.

జూలై, ఆగస్టుల్లో జలపాతం నిండుగా ఉంటుంది, నిజమే. కానీ అవి గోస్తని నది నీళ్లు. పైన అనంతగిరి కొండల్లో కురిసిన వాన కింద నిలబడ్డ మనకు తెలీదు. నీరు ఎర్రబడి ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తుంటే ఫొటోలు మానేసి ముందు ఒడ్డెక్కాలి. పాచి పట్టిన బండల మీద పెద్దవాళ్లు అంత గబుక్కున కదల్లేరు. నవంబరు, డిసెంబరుల్లో నీళ్లూ ఉంటాయి, అరకు వైపు వలిసె పూలూ విరగబూస్తాయి.

విశాఖ నుంచి పొద్దున్నే బయల్దేరే కిరండూల్ రైలెక్కి బొర్రా గుహల స్టేషన్లో దిగండి. సొరంగాలు వచ్చినప్పుడల్లా మా అమ్మ చిన్నపిల్లలా కిటికీకి అతుక్కుపోయింది. అక్కణ్ణుంచి జీపు తప్పదు. దారంతా రాళ్లూ గుంతలూ, మీ కారు అటు తిప్పొద్దు. బేరం మనిషికా, జీపు మొత్తానికా అన్నది ఎక్కకముందే తేల్చుకోండి. అమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టండి, వెనక కుదుపులకు నడుం పట్టేస్తుంది. జీపు దిగాక కాస్త ఎక్కుడు నడక ఉంది. చేతికర్ర ఉంటే నయం, ఆగుతూ ఆగుతూ వెళ్లొచ్చు.

వెళ్లేటప్పుడే బొంగులో చికెన్ చెప్పేసి వెళ్లండి. కారం, మసాలా పట్టించిన ముక్కల్ని పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి, నిప్పుల మీద తిప్పుతూ కాలుస్తారు. నూనె చుక్క వెయ్యరు. బొంగు పైన నల్లబడి, మూతి దగ్గర ఆవిరి బుసబుసమంటుంటే అయినట్టే. చీల్చి ఆకులో పోసిస్తారు. తొందరపెడితే ముక్క ఉడకదు.

అక్కడి ఊళ్లో ఎర్రమట్టితో అలికిన అరుగులు చూసి ఎవరికైనా ఫొటో తియ్యాలనిపిస్తుంది. అవి వాళ్ల ఇళ్లు, అడిగి తియ్యండి. ప్లాస్టిక్ సీసాలు మాత్రం దయచేసి వెనక్కి తెచ్చేయండి, ఆ వాగునే నమ్ముకుని బతికేవాళ్లున్నారు.

ఇంకొక్కటి. పెద్దవాళ్లతో బొర్రా గుహలు, కటికి ఒకే రోజు పెట్టుకోవద్దు. గుహల్లోనూ మెట్లు బోలెడు. అరకులో రాత్రి ఉండి, గుహలు మర్నాడు చూపించండి.