మాండలేకు పేరు, మెయిక్తిలాకు ఫలితం

ప్రశ్న: 1942లో మా తాతగారు రంగం (రంగూన్) నుంచి కాలినడకన బయలుదేరి, నానా అవస్థలు పడి ఇల్లు చేరారు. 1945లో మాండలే పట్టుబడడంతోనే బర్మా యుద్ధం తేలిపోయిందని ఒకచోట, మెయిక్తిలాలో తేలిందని మరొకచోట చదివాను. ఏది సరి?
— ఒక పాఠకుడు, టెక్కలి

జవాబు: మెయిక్తిలాయే. మాండలే బర్మా రాజుల చివరి రాజధాని కనుక పేరు దానికి దక్కింది. జపాన్ సైన్యాలకు తిండినీ మందుగుండునీ అందించే గిడ్డంగులు, విమానాశ్రయాలు ఉన్నది మాత్రం దానికి దక్షిణాన ఉన్న మెయిక్తిలాలో.

ఇంఫాల్, కొహిమాల వద్ద 1944లో దెబ్బతిన్న జపాన్ సైన్యం ఐరావతి నదికి ఇవతల, శ్వెబో మైదానంలోనే తలపడుతుందని బ్రిటిష్ 14వ సైన్యాధిపతి విలియం స్లిమ్ మొదట అనుకున్నాడు. జపాన్ సేనాని కిమురా నది అవతలికి తగ్గిపోవడంతో డిసెంబరులో పథకం మార్చవలసి వచ్చింది. ఒక కోర్ (కొన్ని డివిజన్లు కలిసిన దండు) మాండలేకు ఉత్తరానా పడమరా నది దాటుతూ శత్రువు చూపును అటే కట్టిపడేస్తుంటే, మరొక కోర్ పడమటి లోయల గుండా గుట్టుగా దక్షిణానికి దిగి, పగాన్ దగ్గరి న్యాంగూ వద్ద నది దాటి మెయిక్తిలా మీద పడాలి. ఆ రెండో కోర్ ఇంకా ఉత్తరానే ఉందని నమ్మించడానికి ఉత్తుత్తి కార్యాలయం ఒకటి పెట్టి, అక్కడి నుంచి వైర్‌లెస్ సందేశాలు పంపుతూ ఉన్నారు.

1945 ఫిబ్రవరి 14న 7వ భారత డివిజన్ న్యాంగూ వద్ద నది దాటింది. (అవతలి గట్టున కాపు కాసినవారిలో ఆజాద్ హింద్ ఫౌజ్ దళాలూ ఉన్నాయి, దాడి చేసిన డివిజన్లలో ఎక్కువ భాగమూ భారత సైన్యానివే.) మార్చి మొదటి వారంలో 17వ డివిజన్ షెర్మన్ ట్యాంకులతో మెయిక్తిలాను పట్టుకుంది. కిమురా మాండలే పోరులోని బలగాలను ఇటు మళ్లించి ఊరిని చుట్టుముట్టినా, లోపలి సైన్యం విమానాల ద్వారా అందిన సరుకుతో నెలాఖరు దాకా నిలబడింది. మాండలే కోట మార్చి 20న చిక్కిందంటే అందుకు ఈ మళ్లింపు కూడా ఒక కారణం.

ప్రశ్న: తరువాత రంగూన్ కోసం అంత తొందర ఎందుకు పడ్డారు?
— అదే పాఠకుడు

జవాబు: వానాకాలం వల్ల. రేవు చేతికి రాకముందే వర్షాలు మొదలైతే దారులు బురదలో కూరుకుపోయి, అంత దూరం వచ్చిన సైన్యానికి తిండి పెట్టడమే కష్టమవుతుంది. అనుకున్నంతా అయింది, రంగూన్‌కు ఉత్తరాన ఉన్న పెగూ వద్ద వాన ముందే వచ్చి ట్యాంకులను నిలిపేసింది. చివరకు రంగూన్‌లో అడుగు పెట్టింది మే 2న సముద్రం మీదుగా దిగిన 26వ భారత డివిజన్. అప్పటికే జపాన్ సేనలు ఊరు విడిచాయి. ఆ సంగతిని యుద్ధఖైదీలు జైలు కప్పు మీద పెద్ద అక్షరాలతో రాశారు. అయినా నమ్మకం కుదరక, ఒక వైమానిక అధికారి విమానం దించి, జైలు దాకా వెళ్లి చూసుకుని, చిన్న పడవలో నది దిగువకు పోయి, వస్తున్న సైన్యానికి తానే కబురు చెప్పాడు.