ముందు ఆ నిద్రమాత్ర సంగతి తేల్చుకోండి

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విజయవాడలో ప్రైవేటు ఉద్యోగం. నాతో బీటెక్‌ చదివినవాళ్లు డాలస్‌లో ఇళ్లు కొన్నారు. రాత్రి వాళ్ల ఫొటోలు చూస్తే నేనేం సాధించానన్న దిగులుతో నిద్ర పట్టదు. మూడు నెలలుగా రోజూ ఆల్‌ప్రజోలమ్‌ 0.5 వేసుకుంటున్నా. ఎవరితోనూ పోల్చుకోకుండా తృప్తిగా ఉండాలంటే ఏం చేయాలి?

జవాబు: ఆ మాత్ర ఎవరు రాశారో మీరు చెప్పలేదు. షాపులో అడిగి తెచ్చుకుంటున్నారనే అనుకుంటున్నా. చదువుకున్నవారు, ఇలా చేయొచ్చా? అది షెడ్యూల్‌ హెచ్‌1 మందు, చీటీ లేకుండా అమ్మకూడదు. కొన్ని వారాలు రోజూ వేసుకుంటే చాలు, ఒంటికి అలవాటైపోతుంది. తర్వాత ఒకటి చాలక రెండవుతాయి. మందు ప్రభావం దిగిపోగానే కొందరికి తెల్లారేసరికి గుండెదడ, ఆందోళన మొదలవుతాయి. మీరు దాన్నే జీవితం మీద అసంతృప్తి అనుకుంటూ ఉండొచ్చు.

అలాగని ఈ రాత్రే మానేయకండి. ఒక్కసారిగా ఆపితే చేతులు వణుకుతాయి, ఉన్న నిద్రా పోతుంది, అరుదుగా ఫిట్స్‌ కూడా రావచ్చు. సైకియాట్రిస్టు వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. ఈలోగా మద్యం ముట్టొద్దు. రెండూ కలిస్తే ఊపిరి మందగిస్తుంది.

దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటితే డిప్రెషన్‌ కావచ్చు. చూడకుండా నేను తేల్చలేను. థైరాయిడ్‌, హిమోగ్లోబిన్‌, బి12 పరీక్షలు కూడా అవసరమేమో అడగండి. చనిపోవాలనిపిస్తే ఆ క్షణమే ఇంట్లో చెప్పండి, ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌ టెలీ మానస్‌ 14416కు ఫోన్‌ చేయండి.

ఇక పోలిక. అది పూర్తిగా ఆగేది కాదు. కానీ పడక మీద, అలసిపోయి ఉన్నప్పుడు చూస్తే ఇల్లు కనబడుతుంది, దాని 30 ఏళ్ల వాయిదాలు కనబడవు. పడుకునే గంట ముందే ఫోన్‌ హాల్లో ఛార్జింగ్‌కు పెట్టేయండి. ఆదివారం ఆదివారం నోటుబుక్కులో మూడు లెక్కలు రాయండి: ఎన్ని రాత్రులు ఏడు గంటలు పడుకున్నారు, ఎన్ని పూటలు ఇంట్లోవాళ్లతో కూర్చుని తిన్నారు, అప్పు ఎంత తీరింది. పోయిన నెల పేజీతో మాత్రమే పోల్చుకోండి. ‘పైకి రావాలి’ అని రాస్తే లాభం లేదు. దానికి కొలత లేదు కాబట్టి మనసు మళ్లీ డాలస్‌ ఇంటినే కొలతగా పట్టుకొస్తుంది.

డాక్టరు దగ్గరికి ఆ నోటుబుక్కు, ఖాళీ స్ట్రిప్పులు తీసుకెళ్లండి. మొహమాటపడి మాత్రలు తక్కువ చెబితే తగ్గించే లెక్క తప్పుతుంది.