నేలపట్టు పోతున్న మా బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

ఎస్వీ యూనివర్సిటీలో నీ ప్రాజెక్టుకు మన నేలపట్టు పక్షుల కేంద్రంలోని గూడబాతులను, అదే పెలికన్లను, ఎంచుకున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మా ఊరి చెరువు మీద మా పిల్ల చదువా అని ఆ పూటంతా మీ అత్తకు చెప్పిందే చెప్పి విసిగించాను. రాత్రికి మాత్రం నిద్ర పట్టలేదు.

టోపీ, నీళ్ల సీసా, బైనాక్యులర్ గురించి నీకు నేను చెప్పేదేముంది. అటవీశాఖ అనుమతి కాగితం దగ్గర పెట్టుకో. పాముల గురించి నాకంత టెన్షన్ లేదు, అలికిడి తెలిస్తే చాలావరకు అవే తప్పుకుంటాయి. నా భయమంతా పులికాట్ సరస్సు బురద. పైన ఎండి నెర్రెలిచ్చి రోడ్డులా కనబడుతుంది, కాలు పెడితే మోకాలి దాకా లాగేస్తుంది. ఫ్లెమింగోలు నడుస్తున్నాయి కదా అని వాటి వెంట పోయేవు, వాటి బరువెంత, నీ బరువెంత! సరస్సులో దిగాల్సి వస్తే ఆ ఊరి జాలరి ముందు నడవాలి, నువ్వు వెనక. ఇది సలహా కాదు, ఆర్డర్.

ఇక మీ నాన్న సంగతి. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

కొత్త అల్లుడిగా మొదటి సంక్రాంతికి వచ్చాడు. అక్టోబరు నుంచి మార్చి దాకా గూళ్ల కాలం, జనవరిలో చెట్లు నిండుగా ఉంటాయి. గట్టు మీద నుంచి చూస్తే బావకు సరిపోలేదు, పక్షి పిల్లల్ని దగ్గరగా చూడాలన్నాడు. వద్దు బావా అంటే మీ తాత నా మీదే గుడ్లురిమాడు. ప్యాంటు పైకి మడిచి, గూళ్లున్న నీటికడప చెట్ల కిందికి పోయాడు. పెద్ద పక్షులన్నీ ఒక్కసారిగా లేచాయి. బావ మా వైపు చేతులూపి నవ్వాడు కూడా.

కాకులు ఎక్కడ కాచుకుని ఉన్నాయో, నిమిషంలో దిగాయి. ఒకటి గుడ్డును పొడిచి, కారుతున్న సొనను గూటి అంచు మీద కూర్చునే తాగింది. పక్క గూట్లో ఒంటి మీద ఈకైనా లేని పిల్లలు, మిట్టమధ్యాహ్నం ఎండలో నోళ్లు తెరిచి మెడలు వేలేశాయి. ఆ వయసులో వాటికి పెద్దపక్షి నీడ తప్పితే దిక్కు లేదు. తల్లులు పైన తిరుగుతూనే ఉన్నాయి గానీ, మనిషి కింద ఉంటే దిగవు. బావ గట్టెక్కాక కూడా చాలాసేపు దిగలేదు. ఆ రాత్రి అరిసె ముట్టలేదు ఆయన.

మంచివాడమ్మా మీ నాన్న, తెలియక చేశాడు. నువ్వు తెలిసి చేస్తావేమోనని నా బెంగ. శాంపిల్ కోసమనో, ఒక్క ఫొటో కోసమనో కాలు కదులుతుంది. సైన్సు పేరు చెబితే కాకి వెనక్కి పోదు.

వాచ్ టవర్ మీద నుంచే లెక్కపెట్టు. ప్రతి వారం అదే చోటు, అవే చెట్లు, అదే వేళ. చెరువు నీటిమట్టం కూడా రాసుకో, చెరువు నిండని ఏడు ఈ పక్షులు గూడు కట్టవు. గూళ్లు తగ్గితే చెట్లనే చూస్తూ కూర్చోకు. ఇవి మేతకు పులికాట్ దాకా పోయొస్తాయి. అక్కడ సముద్రపు నీళ్లొచ్చే ముఖద్వారం ఇసుకతో పూడినా, ఈశాన్య రుతుపవనం ముఖం చాటేసినా చేప తగ్గుతుంది. ఆ దెబ్బ ఇక్కడి గూటి మీద పడుతుంది.

ఇంకో మాట. పక్షుల రెట్ట కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని మా పెద్దల నమ్మకం. 1976లో సర్కారు రక్షిత కేంద్రమని ప్రకటించక ముందే ఊరు వీటిని కాపాడుకుంది. మీ సార్లు అడిగినా అడక్కపోయినా అది రిపోర్టులో రాయి.

లాడ్జిలో ఉంటానన్నావట, సిగ్గు లేదా? మీ అత్త అప్పుడే గది సర్దేసింది. నాయుడుపేట బస్టాండులో దిగి ఫోన్ చెయ్యి, బండేసుకుని వస్తా. మీ నాన్న కూడా వస్తానంటే తీసుకురా, గట్టు దాకానే.

మీ మామయ్య