వానాకాలం బడికి బయల్దేరుతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మలూకి పెద్దమ్మ ఆశీస్సులు.

నీకు పరాయి దేశంలో టీచర్ ఉద్యోగం ఖాయమైందనీ, చేరాల్సింది సరిగ్గా వానలు మొదలయ్యే నెలలోననీ మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పాఠం ఎలా చెప్పాలో నీకు నేను నేర్పక్కర్లేదు. ఎండా, వానా, ఉక్కా మూడూ ఒక్కరోజులోనే చూపించే చోట 11 ఏళ్లు పనిచేసినదాన్ని కాబట్టి, నువ్వు పెట్టె సర్దకముందే నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ముందు సర్టిఫికెట్లు. నావి గుడ్డసంచీలో చుట్టి, గోడకు ఆనించిన బీరువాలో అడుగున పెట్టాను. మూడో నెలలో ఒరిజినల్స్ చూపించమంటే తీశాను కదా, గుప్పున ముక్కిన వాసన. డిగ్రీ పట్టా నిండా బూజు చుక్కలు, సంతకం దగ్గర సిరా పాకిపోయి సాలీడు కాళ్లలా ఉంది. అక్కడే కూలబడి ఏడ్చాను. నువ్వు మాత్రం జిప్ ఉన్న ప్లాస్టిక్ కవర్లలో పెట్టి, బిగుతు మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో సహా ఉంచు. ఆ పొట్లాలు తేమ పీల్చి పీల్చి పనికిరాకుండా పోతాయి, మారుస్తూ ఉండాలి. భయపడి ల్యామినేషన్ మాత్రం చేయించకు. ఒరిజినల్ మీదే ముద్ర వేయాల్సి వస్తే ప్లాస్టిక్ మీద వేయరు. అన్నిటికీ స్కాన్ కాపీలు నీ మెయిల్లో ఉండాలి, మీ అమ్మ దగ్గర కూడా.

గదిలో తేమ 60 శాతం దాటిందంటే బూజు పని మొదలుపెట్టినట్టే. బీరువాని గోడకు జానెడు ఎడంగా జరుపు. పడుకునే గదిలో తడిబట్టలు ఆరేయకు. తోలు చెప్పులు, తోలు బ్యాగు అసలు తీసుకెళ్లకు, కొద్ది రోజుల్లోనే వాటి మీద ఆకుపచ్చ నూగు వస్తుంది.

ఇక క్లాసు. నీకు వచ్చేది రేకుల కప్పు గది అయితే మాత్రం ఈ మాట గుర్తుపెట్టుకో: వానతో గొంతు పోటీ పెట్టకు. నేను పెట్టాను. మొదటి వానకి అరిచాను, రెండో వానకి ఇంకా అరిచాను, మూడు వారాలకి గొంతు పూర్తిగా పోయింది. పిల్లలు నా నోటి కదలికలు చూసి నవ్వుకునేవాళ్లు. పక్క క్లాసులో ఒక పెద్దాయన ఉండేవాడు, అక్కడివాడే. రేకు మీద మొదటి నాలుగు చినుకులు టపటపమనగానే అరచెయ్యి పైకెత్తేవాడు. అంతే, పిల్లలు మాట ఆపి నోట్‌బుక్కులు తెరిచేవాళ్లు. ఆయన బోర్డు మీద లెక్క వేసి వెనక్కి జరిగేవాడు. వాన వెలిసేదాకా ఒక్క మాట లేదు. పాఠమే దాని పాటికి నడిచేది. ఆ సీజన్‌లో నేను నేర్చుకున్న టీచింగ్ అంతా అదే అనుకో. అప్పట్నుంచి నేనూ వాన కోసమని విడిగా పని దాచుకోవడం మొదలుపెట్టాను: చూసి రాసేవి, బొమ్మ గీసి భాగాలు గుర్తించేవి, జంటగా కూర్చుని ఒకరి తప్పులు ఒకరు దిద్దేవి. నువ్వు వెళ్లిన మొదటివారమే ఇలాంటివి ఓ పది తయారుచేసి పెట్టుకో. అన్నట్టు, సుద్దముక్కలు చెమ్మకి మెత్తబడి బోర్డు మీద జారిపోతాయి, మూత డబ్బాలో దాచు. నోట్‌బుక్కుల్లో దిద్దేటప్పుడు బాల్‌పెన్నే వాడు, ఇంకు పెన్ను వద్దు.

ఆటల పీరియడ్ నీకే అంటగడతారు, కొత్తవాళ్లకి అది తప్పదు. మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిల్లల్ని లోపలికి తోలెయ్. చివరి ఉరుము వినపడ్డాక అరగంట గడిచేదాకా బయటికి పంపొద్దు, ఎంత గొడవ చేసినా సరే.

ఒళ్లు ఆ వేడికి అలవాటుపడడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది. ఈలోగా పెద్ద పనులేవీ నెత్తినేసుకోకు. ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు, అందుకే నీడలో ఉన్నా నీరసం వస్తుంది. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లు తాగుతూ ఉండు. నీళ్ల మీద ఏమాత్రం అనుమానమున్నా, కాచినప్పుడు తెర్లి ఒక నిమిషం అలాగే మరగనిచ్చి దించు. ఓఆర్ఎస్ పొట్లాలు వెంట ఉంచుకో. విరేచనాలు పట్టుకున్న రాత్రి అవి అయిపోతే, లీటరు మంచినీళ్లలో 6 టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలుపుకో. స్పూను తలగొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం.

దోమల సంగతి తేలిగ్గా తీసుకోకు. డెంగీ దోమ పగలు కుడుతుంది, అంటే నువ్వు బడిలో ఉన్నప్పుడే. క్లాసు వెనక పూలకుండీ పళ్లెంలో నిలిచిన నీళ్లు చాలు దానికి. వారానికోసారి పారబోసి, లోపలి అంచులు పీచుతో రుద్దించు. గుడ్లు ఆ అంచుకే అంటుకుని ఎండిపోయినా నెలల తరబడి బతుకుతాయి, మళ్లీ నీళ్లు తగిలితే చాలు. జ్వరం వస్తే, డెంగీ కాదని తేలేదాకా పారాసిటమాల్ తప్ప ఇంకేమీ మింగకు. ఐబుప్రోఫెన్, ఆస్పిరిన్ జోలికి వెళ్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. జ్వరం తగ్గింది కదా అని క్లాసుకి పరిగెత్తకు, డెంగీలో అసలు ప్రమాదం ఆ ఒకటి రెండు రోజుల్లోనే. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం, వీటిలో ఏది కనపడినా రాత్రయినా సరే ఆసుపత్రికి పో.

బడి దారిలో నీళ్లు నిలిస్తే దాటకుండా ఉండలేవు, నాకు తెలుసు. కాలికి చిన్న గాయమున్నా రబ్బరు బూట్లు లేకుండా దిగకు. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది. ఇంటికి రాగానే సబ్బుతో కాళ్లు కడుక్కుని, వేళ్ల సందులు పొడిగా తుడుచుకో, లేకపోతే పాసిపోతాయి. ఎండలో సాక్సు ఆరే రోజు కోసం ఎదురుచూడకు, ఆరు జతలు తీసుకెళ్లు.

సాయంత్రాల గురించి మీ అమ్మకి చెప్పలేదు, నీకు చెప్తాను. ముసురు పట్టి, కరెంటు పోయి, ఫోన్ సిగ్నల్ కూడా లేనప్పుడు గదిలో ఒక్కదానివే ఉంటే ఏవేవో ఆలోచనలు వస్తాయి. ఉద్యోగం మానేద్దామని నేను రాసిన ఉత్తరాలన్నీ అలాంటి రాత్రుల్లో రాసినవే. ఒక్కటీ పోస్టు చేయలేదనుకో. అలాంటప్పుడు గొడుగేసుకుని పక్కింటి టీచర్ దగ్గరికి వెళ్లి కూర్చో. భాష రాకపోయినా పర్లేదు.

టికెట్ తేదీ ఖాయం కాగానే రాయి. సిలికా జెల్ పొట్లాలు నా దగ్గర ఓ డబ్బా నిండా ఉన్నాయి, మీ నాన్న ఇటు వచ్చినప్పుడు ఇచ్చి పంపుతాను.

మీ పెద్దమ్మ