గిడ్డంగి నిండుగా ఉన్నా సరుకు కొరత ఎందుకు?

ప్రశ్న: మా సంస్థ గిడ్డంగిలో కొన్ని సరుకులు నెలల తరబడి పేరుకుపోతుండగా, మరికొన్ని సరిగ్గా అవసరమైనప్పుడే నిండుకుంటున్నాయి. బిజినెస్ ఇంటెలిజెన్స్ సాఫ్ట్‌వేర్ (అమ్మకాలు, నిల్వల వంటి లెక్కలను విశ్లేషించి చూపేది) తెచ్చుకుంటే ఈ ఇబ్బంది తీరుతుందా?

జవాబు: చాలావరకు తీరుతుంది, అయితే అది చూపే లెక్కలను బట్టి ఆర్డర్లు పెట్టే పద్ధతిని మార్చుకోవడానికి మీరు సిద్ధపడాలి. దుకాణాల్లో గిరాకీ కొద్దిగా మారినా, టోకు వ్యాపారి, పంపిణీదారు, తయారీదారు ఎవరికి వారు తమకు అందిన ఆర్డర్లను మాత్రమే చూసి అంచనాలు వేసుకోవడం వల్ల, ఆ హెచ్చుతగ్గులు దుకాణం నుంచి తయారీదారు దాకా ఉన్న సరఫరా గొలుసులో వెనక్కి వెళ్లేకొద్దీ పెద్దవవుతాయి. బుల్‌విప్ ప్రభావంగా పేరుపడిన ఈ తీరును అమెరికా ఆచార్యుడు జే ఫారెస్టర్ 1961 నాటికే వివరించారు. కనుక మీ డాష్‌బోర్డులోకి, అంటే ఆ సాఫ్ట్‌వేర్ లెక్కలన్నీ చూపే తెరలోకి, ముందుగా రావలసింది ఆర్డర్ల చిట్టా కాదు, వినియోగదారులకు జరిగిన అసలు అమ్మకాల సమాచారం.

సరఫరాదారుల విషయంలో సగటును మాత్రమే నమ్మకండి. ఒకరు ఎప్పుడూ 10 రోజుల్లోనే సరుకు పంపుతారనుకుందాం. మరొకరు ఒకసారి 5 రోజుల్లో, ఇంకోసారి 15 రోజుల్లో పంపుతారనుకుందాం. ఇద్దరి సగటూ ఒకటే అయినా, రెండోవారి కోసం మీరు అదనపు నిల్వ ఎక్కువగా ఉంచుకోక తప్పదు, ఆ మేరకు పెట్టుబడి గిడ్డంగిలోనే చిక్కుకుపోతుంది. ధరల బేరంలో ఈ ఖర్చును లెక్కలోకి తీసుకోకపోవడం నా దృష్టిలో పెద్ద లోపం.

ఒకే సరుకు రెండు కోడ్లతో నమోదై ఉంటే ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ అయినా తప్పుడు నిల్వలే చూపిస్తుంది. సాఫ్ట్‌వేర్ కొనుగోలుకు ముందే మీ సరుకుల కోడ్ల జాబితాను సరిచేయించండి.